వంటింటి సరుకులతో బాల్కనీ తోట: ఏవి మొలుస్తాయి, ఏవి ఎంత చేసినా మొలవవు

నమస్తే అండి. మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెప్పుకుంటాను, మిగతావాళ్ళకూ ఉపయోగపడుతుంది. హైదరాబాద్‌లో రెండో అంతస్తు ఫ్లాట్, తూర్పు బాల్కనీ, పొద్దున పూట నాలుగు గంటలపాటు ఎండ. విత్తనాలేవీ కొనకుండా, పోపుల డబ్బాలో ఉన్నవాటితోనూ కూరగాయల సంచిలో వచ్చినవాటితోనూ తోట వేయాలని మీ కోరిక. వేసవిలో ధనియాలు చల్లారు, మొలవలేదు. పసుపు కొమ్ములు నాటారు, మట్టిలోనే కుళ్ళిపోయాయి. కరివేపాకు రెబ్బ గుచ్చారు, ఎండిపోయింది. "నా చెయ్యి మంచిది కాదేమో" అని బాధపడ్డారు. మీ బాబు మామిడి టెంక నాటుదామని గొడవ చేస్తున్నాడు, అది పెట్టొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా జవాబు: పెంచొచ్చు, బాగా పెంచొచ్చు. మెంతులు, పుదీనా, తీగ బచ్చలి, అల్లం, చామదుంప, బొబ్బర్లు వంటింట్లోంచి నేరుగా కుండీలోకి వెళ్ళిపోతాయి. మీ బాల్కనీ ఎండకు కూడా సరిపోతాయి. ఇక మీకు పోయిన మూడింటిలో పసుపు కొమ్ము, కరివేపాకు రెబ్బ ఎవరు నాటినా అంతే. ధనియాలకు మీరు ఎంచుకున్న కాలం కుదరలేదు. హస్తవాసికీ దీనికీ ఏ సంబంధమూ లేదు, ఆ మాట మనసులోంచి తీసేయండి.

నేను చాలా ఏళ్ళుగా మిద్దె మీద కూరగాయలు పండిస్తున్నాను. ఇప్పటికీ మా ఇంట్లో మెంతికూర, కొత్తిమీర, బచ్చలి, అల్లం కొట్టు సరుకుతో వేసినవే. ఏది చేతికి వచ్చినా మట్టిలో పెట్టే ముందు నేను ఒక్కటే చూస్తాను. ఇది మన ఇంటికి వచ్చే ముందు దీన్ని ఏం చేశారు? ఉడకబెట్టారా, వేయించారా, బద్ద చేశారా, పొట్టు తీశారా, గింజ ముదరకముందే కోసేశారా? వీటిలో ఏదీ జరగకపోతే అందులో ఇంకా ప్రాణం ఉన్నట్టే. మిగతాదంతా కాలం, మట్టి, నీళ్ళు.

మీ పసుపు కొమ్ముల సంగతి ఇదే. కిరాణా కొట్లో దొరికే ఎండు కొమ్ము దుంపలా కనిపిస్తుంది కానీ, రైతు దాన్ని తవ్వాక మెత్తబడేదాకా ఉడకబెడతాడు, ఆ తర్వాత రోజుల తరబడి ఎండబెడతాడు, డ్రమ్ములో వేసి తిప్పి పైపొట్టు పోయేలా మెరుగు పెడతాడు. నిజామాబాద్ మార్కెట్‌కైనా దుగ్గిరాల యార్డుకైనా వచ్చే కొమ్ములన్నీ ఇలా తయారైనవే. ఉడికిన దుంప మొలకెత్తదు, తడి తగిలితే కుళ్ళుతుంది. మీకు కావలసింది పచ్చి పసుపు. సంక్రాంతి నుంచి మార్చి దాకా రైతు బజార్లలో దొరుకుతుంది, కొన్ని సూపర్ మార్కెట్లలో ఏడాది పొడుగునా ఉంటుంది. ముక్కను గోటితో గిల్లితే లోపల తడిగా, నారింజ రంగులో కనిపించాలి. దాన్ని మే, జూన్ నెలల్లో నాటితే ఎనిమిది తొమ్మిది నెలలకు ఆకు పండుబారుతుంది, అప్పుడు తవ్వుకోవచ్చు. పండగలకు పసుపు ఆకు మన చేతికే వస్తుంది, అది వేరే సంతోషం.

కరివేపాకు గురించి చాలామందికి తెలియని విషయం ఒకటుంది. మనం తెచ్చుకునే రెబ్బ కొమ్మ కాదు, మొత్తం కలిపి ఒకే ఆకు. ఈనెకు రెండు వైపులా ఉండే చిన్న ఆకులన్నీ ఆ ఒక్క ఆకు భాగాలే. కొత్త చిగురు పుట్టే మొగ్గ రెబ్బలో ఉండదు, అది రెబ్బ కొమ్మకు అతుక్కునే చోట కొమ్మ మీద ఉంటుంది. అందుకని రెబ్బను నీళ్ళలో పెట్టినా, తేనె రాసి పెట్టినా, ఇంకేం చేసినా చెట్టు కాదు. సులువైన దారులు రెండు. ఒకటి, తెలిసినవాళ్ళ చెట్టుకు నల్లగా పండిన కాయలు తెచ్చుకుని, గుజ్జు కడిగేసి, ఆ వారంలోనే నాటడం. గింజ ఎండిపోతే మొలిచే శక్తి త్వరగా పోతుంది. రెండోది, పెద్ద చెట్టు చుట్టూ వేరు నుంచి లేచే పిలకను వానాకాలంలో వేరుతో సహా తవ్వి తెచ్చుకోవడం. ఈ రెండూ కుదరకపోతే నర్సరీలో చిన్న మొక్క కొనేయండి. విత్తనాలు కొనననే పట్టుదల ఈ ఒక్క మొక్క దగ్గర సడలించుకున్నా తప్పులేదు.

ధనియాలు మీకు మళ్ళీ కావాలి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక ధనియాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని చూడండి. చుట్టూ నిలువు గీతలుంటాయి, పైన చిన్న మొనలాంటిది ఉంటుంది. అది ఒక్క విత్తనం కాదు, ఒక కాయ. లోపల రెండు విత్తనాలు ముఖాముఖి అతుక్కుని ఉంటాయి. కాయను అలాగే వేస్తే నీరు లోపలికి దిగడానికి ఆలస్యమవుతుంది, మొలక ఆలస్యంగా, తక్కువగా వస్తుంది. చపాతీ పీట మీద గుప్పెడు ధనియాలు పోసి, అప్పడాల కర్రను మెల్లగా దొర్లించండి. 'టిక్' మని రెండు బద్దలుగా విడిపోవాలి, పొడి కాకూడదు. బద్దలను ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి, వంపేసి, తడి గుడ్డలో మూటగట్టి ఇంకో రోజు ఉంచండి. తర్వాత అర అంగుళం లోతులో చల్లి, పైన సన్నటి మట్టి కప్పండి. మెంతుల్లాగా మూడో రోజుకే లేస్తాయని చూడకండి, ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడుతుంది. చాలామంది వారం చూసి నీళ్ళు పోయడం మానేస్తారు, అక్కడే పంట పోతుంది.

ఇక కాలం. కొత్తిమీరకు చల్లదనం కావాలి. హైదరాబాద్ ఏప్రిల్, మే ఎండల్లో సగం గింజలు మొలవవు, మొలిచినవీ నాలుగాకులు వేయగానే పూతకొస్తాయి. సెప్టెంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా వేయండి, అదే ధనియం గుబురుగా వస్తుంది. ధనియాలు కొనేటప్పుడు కొత్త పంట అడిగి తీసుకోండి, కొంచెం ఆకుపచ్చ ఛాయ ఉండి, నలిపితే ఘాటుగా వాసన వచ్చేవి. డబ్బా అడుగున ఏళ్ళ తరబడి పడి ఉన్నవి పొడి కొట్టుకోవడానికే.

ఏ గింజకైనా చేయాల్సిన పరీక్ష ఒకటుంది. పది గింజలు లెక్కపెట్టి తడి గుడ్డలో చుట్టి, గాలి తగిలే డబ్బాలో పెట్టండి. గుడ్డ ఆరిపోకుండా నీళ్ళు చిలకరించండి. ఏడు ఎనిమిది మొలిస్తే మామూలుగా చల్లుకోవచ్చు. మూడు నాలుగే మొలిస్తే రెట్టింపు వేయండి. ఒక్కటీ మొలవకపోతే ఆ సరుకు వంటకే. కొన్ని మసాలా దినుసులను, ముఖ్యంగా ఎగుమతి రకాలను, సూక్ష్మజీవులు చావడానికి ఆవిరితోనో రేడియేషన్‌తోనో శుద్ధి చేస్తారు. అవి చూడ్డానికి మంచి గింజల్లాగే ఉంటాయి. ఈ గుడ్డ పరీక్ష ఉంటే అలాంటి వాటికోసం కుండీ, మట్టి, నెల రోజుల ఓపిక వృథా కావు.

ఇప్పుడు జూన్ రెండో వారం, మృగశిర కార్తె నడుస్తోంది. మీరు మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి సమయం లేదు. ఈ వారంలో ఇవి వేయండి.

మెంతులు. అందరికంటే ముందు ఇవే. ఒక రాత్రి నానబెట్టి, నాలుగైదు అంగుళాల లోతున్న వెడల్పు టబ్‌లో దగ్గర దగ్గరగా చల్లి, పైన పలచగా మట్టి చల్లండి. మూడో రోజుకు మట్టి పైకి లేచి కనిపిస్తుంది. పది రోజులకు లేత మెంతి, ఇరవై ఇరవై అయిదు రోజులకు పప్పులోకి పనికొచ్చే కూర. ఒకేసారి టబ్ అంతా చల్లకుండా పది రోజులకోసారి కొంత కొంత చల్లితే ఎప్పుడూ చేతికి కూర ఉంటుంది. గట్టి వాన పడితే మొలకలు పడిపోతాయి, ఆ రెండు మూడు రోజులు లోపలికి జరుపుకోండి.

పుదీనా. కట్టలో లేత చివరలు కాకుండా, కింది భాగం ముదురుగా, కొంచెం గోధుమ రంగుకు తిరిగిన కాడలు ఏరండి. కింది ఆకులు తుంచి, కణుపుకు కాస్త కిందుగా కోసి, గ్లాసు నీళ్ళలో పెట్టండి. రోజు విడిచి రోజు నీళ్ళు మార్చాలి. వారం పది రోజుల్లో కణుపుల దగ్గర తెల్లటి వేళ్ళు దారాల్లా దిగుతాయి. అవి రెండు అంగుళాలైతే మట్టిలోకి మార్చండి. ఇది పక్కకు పాకే మొక్క, కాబట్టి లోతు అక్కర్లేదు, వెడల్పు కావాలి. వేరే మొక్కతో కలిపి పెట్టకండి, నెల తిరక్కుండా దాన్ని కమ్మేస్తుంది. మీ నాలుగు గంటల ఎండ పుదీనాకు చాలు.

తీగ బచ్చలి. లావు కాడ ఒకటి జానెడు ముక్క కోసి, రెండు కణుపులు మట్టిలోకి వెళ్ళేలా గుచ్చండి. పుదీనా కంటే తేలిక. గ్రిల్‌కు తాడు కట్టి పాకించండి. వానాకాలమంతా కోసుకోవచ్చు.

తోటకూర, పాలకూర కట్టలు వేళ్ళతో వస్తే వేరు పైన రెండు అంగుళాలు వదిలి కోసి, ఆ మొదళ్ళను సాయంత్రం పూట నాటండి. అన్నీ బతకవు, బతికినవి ఒకటి రెండు కోతలు ఇచ్చి పూతకొస్తాయి. గోంగూర కూడా వేళ్ళతో వస్తే నాటి చూడండి. కత్తిరించిన కట్ట అయితే దానికి విత్తనం కొనుక్కోవడమే మేలు.

అల్లం. ఇది వంటింటి తోటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది, అందుకే ఇక్కడ కాస్త ఆగుతాను. కొట్లో అల్లం ఎంచేటప్పుడు ముడతలు లేకుండా, కొనల దగ్గర పచ్చటి పసుపురంగు బుడిపెలు ఉబ్బి ఉన్నది తీసుకోండి. అవే మొలక కళ్ళు. బాగా కడిగి మెరిపించి, కొనలు రాసుకుపోయినది వద్దు. ఇంటికి తెచ్చాక తొందరపడి నాటకండి. తడి కొబ్బరిపొట్టులోనో, తడి ఇసుకలోనో పైపైన కప్పి నీడలో ఉంచితే రెండు మూడు వారాల్లో ఏ కన్ను లేచిందో తెలుస్తుంది. ఒక్కో ముక్కకు ఒకటి రెండు కళ్ళు ఉండేలా బొటనవేలంత ముక్కలు చేసి, కోసిన చోటు ఒక రోజు ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం మానేస్తే కోత దగ్గర బూజు పడుతుంది. తర్వాత వెడల్పు గ్రో బ్యాగ్‌లో, అంటే మొక్కలు పెంచే సంచిలో, కన్ను పైకి ఉండేలా రెండు అంగుళాల లోతులో పెట్టండి.

అల్లానికి మధ్యాహ్నపు ఎండ పడదు, పొద్దుటి ఎండ బాగా నచ్చుతుంది, కాబట్టి మీ తూర్పు బాల్కనీ దానికి సరిగ్గా కుదురుతుంది. దానికి శత్రువు నీరు నిలవడం. అడుగున రంధ్రాలు లేని కుండీలో దుంప కుళ్ళి, మొక్క పచ్చగా ఉండగానే మొదలు దగ్గర మెత్తబడి ఒరిగిపోతుంది. అప్పుడు ఏ మందూ వేయలేం. మట్టి పైపొర ఆరాకే నీళ్ళు పోయండి. వానలు తగ్గాక మొక్క మొదలు చుట్టూ ఇంకో దోసెడు ఎరువు కలిపిన మట్టి ఎగదోయండి, దుంప పక్కలకు ఊరుతుంది. జనవరి, ఫిబ్రవరికి ఆకు పసుపుబారి వాలిపోతుంది, అప్పుడు తవ్వాలి. మొత్తం తవ్వకుండా ఒక అంచు నుంచి కావలసినంత విరుచుకుని మిగతాది అలాగే ఉంచుకోవచ్చు. ఆ తాజా అల్లానికి తోలు పలచగా ఉంటుంది, గోటితో రాస్తే పోతుంది. కొట్టు అల్లంతో అలవాటైన చేతికి ఆ వాసన మొదటిసారి ఆశ్చర్యంగా ఉంటుంది.

చామదుంప కూడా జూన్‌లోనే. మొలక వచ్చిన దుంపను మూడు అంగుళాల లోతులో పెట్టండి. ఇక్కడ చెప్పిన దుంపల్లో నీళ్ళు ఎక్కువైనా ఓర్చుకునేది ఇదొక్కటే. ఆకుతో వంట చేసేటట్టయితే బాగా ఉడికించాలి, చింతపండు వేయాలి, లేకపోతే గొంతు దురద పెడుతుంది. చిలగడదుంపను సగం తడి ఇసుకలో పడుకోబెడితే తీగలు లేస్తాయి, జానెడు పొడవయ్యాక తుంచి నాటుకోవాలి. మీ ఎండకు తీగ బాగా వస్తుంది, దుంప మాత్రం చిన్నదిగా వస్తుంది.

బంగాళాదుంప ఇప్పుడు వేయకండి. మన దగ్గర అది చలికాలం పంట. జహీరాబాద్ వైపు రైతులు కూడా చలి మొదలయ్యే ముందే నాటుతారు. రాత్రి వేడి 20 డిగ్రీల దగ్గరకు దిగితేనే దుంప ఊరుతుంది, లేకపోతే ఆకు గుబురుగా పెరిగి అడుగున ఏమీ ఉండదు. పచ్చగా మారిన దుంపను నాటుకోవచ్చు కానీ కూర వండకండి, అందులో విషపదార్థం పెరుగుతుంది. ఉల్లిపాయ మొలకెత్తితే పాతిపెట్టండి, ఉల్లికాడలు వస్తాయి, కొత్త గడ్డ మీద ఆశ పెట్టుకోవద్దు. ఎన్నాళ్ళున్నా మొలకే రాని ఉల్లి, బంగాళాదుంప మీకు తగిలే ఉంటాయి. మొలక రాకుండా మందు కొట్టడమో, రేడియేషన్ ఇవ్వడమో చేస్తారు. మహారాష్ట్రలోని లాసల్‌గావ్‌లో ఉల్లికి రేడియేషన్ ఇచ్చే కేంద్రమే ఉంది. తినడానికి ఇబ్బంది లేదు, నాటడానికి పనికిరావు. వెల్లుల్లి అక్టోబరులో రెబ్బలుగా విడదీసి గుచ్చితే ఆకు బాగా వస్తుంది. గడ్డ మీద పెద్దగా ఆశ పెట్టుకోకుండా ఆ ఆకునే పచ్చడిలో వాడుకోండి. క్యారెట్, బీట్‌రూట్ తలలు నీళ్ళలో పెడితే ఆకులు వస్తాయి, అంతే. కొత్త క్యారెట్ వస్తుందని ఎవరైనా వీడియోలో చూపిస్తే నమ్మకండి.

పప్పుల విషయంలో లెక్క తేలిక: బద్ద చేసినదీ పొట్టు తీసినదీ మొలవదు, పొట్టుతో ఉన్న నిండు గింజ మొలుస్తుంది. కందిపప్పు, పెసరపప్పు, మినపగుళ్ళు, శనగపప్పు మిల్లులోనే ప్రాణం పోగొట్టుకున్నాయి. నిండు పెసలు, మినుములు, ఉలవలు, బొబ్బర్లు, శనగలు మొలుస్తాయి. వేయించని, పైన ఎర్ర పొర చిట్లని పల్లీలు కూడా అంతే. నువ్వుల్లో పొట్టు తీసిన తెల్లవి రావు. కుండీకి నేను చెప్పేది బొబ్బర్లు. రెండు అడుగుల మొక్క, నెలన్నర దాటాక లేత కాయ. కందులు వేస్తే మీ బాల్కనీ పైకప్పు దాకా పెరిగి, పంటకు ఆరు నెలలు కూర్చోబెడతాయి.

వాము చల్లితే సులభంగా మొలుస్తుంది, సన్నటి దారాల్లాంటి ఆకు వస్తుంది. బజ్జీలు వేసుకునే మందపాటి వామాకు మాత్రం దీన్నుంచి రాదు. అది వేరే జాతి మొక్క, కొమ్మ తుంచి గుచ్చితే బతికేస్తుంది, ఎవరింట్లోనైనా అడగండి. ఆవాలు మూడు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, లేత ఆకు పప్పులోకి బాగుంటుంది. జీలకర్ర జోలికి వెళ్ళకండి. అది గుజరాత్, రాజస్థాన్ పొడి చలిలో పండేది, మన వాతావరణంలో ఓపిక దండగ.

గసగసాలు మాత్రం పొరపాటున కూడా చల్లకండి. అది నల్లమందు మొక్క. లైసెన్సు లేకుండా పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం కింద నేరం. పూలు అందంగా ఉంటాయని కుండీలో వేసినా చట్టం ముందు తేడా లేదు. వంటింట్లో అన్ని గింజలూ ప్రయోగం చేస్తున్నానని మీరు రాశారు కాబట్టే గట్టిగా చెబుతున్నాను.

కూరగాయల గింజల దగ్గరికి వద్దాం. బెండ, బీర, సొర, వంకాయ, దొండ మనం లేతగా తింటాం. లేత కాయలో గింజ ఇంకా తయారవదు, తెల్లగా మెత్తగా ఉంటుంది, అది మొలవదు. పండాక తినేవాటి గింజే పనికొస్తుంది: పప్పులో వేసే పసుపుపచ్చ దోసకాయ, తీపి గుమ్మడి, బొప్పాయి, టమాటా, ఎండుమిర్చి. ఎండుమిర్చిలో నల్లబడని, తొడిమ ఉన్న కాయ చిట్లగొట్టి గింజ తీస్తే పది రోజుల్లో నారు లేస్తుంది. టమాటా గింజ చుట్టూ జిగురుంటుంది. గ్లాసులో కొంచెం నీళ్ళు పోసి రెండు రోజులు పులియనిచ్చి, పైకి తేలినవి పారబోసి, అడుగున దిగిన గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి.

ఇందులో రెండు జాగ్రత్తలున్నాయి. మార్కెట్ టమాటా, మిర్చి, బొప్పాయి చాలావరకు హైబ్రిడ్లు, అంటే రెండు రకాలు కలిపి చేసిన సంకరాలు. వాటి గింజ మొలుస్తుంది, కాస్తుంది కూడా, కానీ తల్లి కాయలాగే ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. పైగా టమాటా, మిర్చికి రోజుకు ఆరు గంటల ఎండ కావాలి. మీ నాలుగు గంటల్లో మొక్క సన్నగా సాగుతుంది, పూత రాలుతుంది. బిల్డింగ్ మిద్దె మీద చోటిస్తే తప్ప ఈ ఏడాదికి వాటిని వదిలేయండి.

రెండోది ఇంకా ముఖ్యం. సొర, దోస, గుమ్మడి కుటుంబంలో వేరే చేదు రకం పుప్పొడి కలిసిన కాయ గింజ తీసి వేస్తే వచ్చే కాయ చేదుగా ఉండవచ్చు. కోయగానే చిన్న ముక్క నాలుక మీద పెట్టి చూడండి, చేదైతే ఉమ్మేసి కాయను పారేయండి. కాకరకాయ చేదు వేరు, దాని స్వభావమే అది. సొరకాయలో చేదు ప్రమాదం. చేదు సొరకాయ రసం తాగి మన దేశంలో ప్రాణాలు పోయినవాళ్ళున్నారు. ఉప్పేసి పిండితే పోతుందిలే అని ఊరుకోవద్దు.

వంటింటి గింజలతో ఒక పెద్ద లాభం ఉంది. మెంతి, ఆవ, పెసల లాంటి వాటి లేత మొలకలు, పది రోజుల ఆకులు మందు పూత భయం లేకుండా తినొచ్చు. విత్తనాల దుకాణంలో కొన్న వాటిలో చాలావాటికి శిలీంధ్రనాశక మందు పూత ఉంటుంది, గులాబీ రంగులోనో నీలం రంగులోనో మెరుస్తుంటాయి. వాటిని నాటుకోవాలే తప్ప, మొలకెత్తించి తినకూడదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఇది గుర్తుండాలి.

మట్టి గురించి మీరు అడగలేదు కానీ, సగం విజయం దానిదే. ఎర్రమట్టి ఒక వంతు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక వంతు, కొబ్బరిపొట్టు ఒక వంతు, కుండీకి గుప్పెడు వేపపిండి. ఎరువు పచ్చిగా, పేడ వాసన వస్తూ ఉంటే వేళ్ళు మాడిపోతాయి. బాల్కనీ కాబట్టి బరువు కూడా చూసుకోవాలి, కొబ్బరిపొట్టు అందుకే. బియ్యం కడిగిన నీళ్ళు పోయండి, మంచిదే. ఉప్పు పడిన నీళ్ళు, వండిన అన్నం, మజ్జిగ మిగులు కుండీల్లో వేయకండి. చీమలు, దోమలు, వాసన, ఆపైన కింది ఫ్లాట్ వాళ్ళతో మాటలు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళు కూడా ఈ జవాబు చదువుతారు కాబట్టి ఒక మాట. ఇక్కడి నుంచి విత్తనాలు, కరివేపాకు మొక్కలు బ్యాగులో పెట్టుకుని వెళ్ళకండి, విమానాశ్రయంలో తీసేసుకుంటారు, జరిమానా కూడా పడొచ్చు. కరివేపాకు మీద చేరే ఒక చిన్న పురుగు నిమ్మ, నారింజ తోటలకు తెగులు మోసుకెళుతుంది, అందుకే అమెరికాలో దాని మీద అంత కట్టడి. అక్కడి ఇండియన్ స్టోర్‌లో దొరికే మెంతులు, ధనియాలు, చామదుంపలతో ఇదే పద్ధతిలో వేసుకోవచ్చు. కాలం మాత్రం అక్కడి చలిని బట్టి మార్చుకోవాలి.

ఇక మీ బాబు మామిడి టెంక. నాటనివ్వండి. టెంకను ఎండబెట్టి దాచకూడదు, తిన్న రోజుల్లోనే నాటాలి, ఎండితే లోపలి జీడి చచ్చిపోతుంది. పైపెంకును అంచు దగ్గర మీరే జాగ్రత్తగా కత్తిరించి, లోపలి జీడిని తీసి, మట్టిలో అడ్డంగా పడుకోబెట్టి అంగుళం మట్టి కప్పమనండి. రెండు మూడు వారాల్లో రాగి రంగు చిగురు లేస్తుంది. అది బంగినపల్లి టెంక అయితే బంగినపల్లి కాయలే కాస్తుందని మాత్రం వాడికి మాటివ్వకండి, ఆ రకం టెంక నుంచి వచ్చిన ప్రతి చెట్టూ వేరుగా ఉంటుంది, కాపుకు ఏళ్ళు పడుతుంది. కానీ నర్సరీల్లో అంటు కట్టేది ఇలాంటి టెంక మొలకల మీదే. ఏడాది కుండీలో పెంచి, మీ ఊళ్ళో జాగా ఉంటే వచ్చే తొలకరికి నేలలో పెట్టించి, తెలిసినవాళ్ళ చేత మంచి రకం అంటు కట్టించండి. ఫ్లాట్‌లోనే ఉంచాలంటే నిమ్మ గింజ నయం. దాని మొలకల్లో చాలావరకు తల్లి గుణాలే ఉంటాయి, కాపు రాకపోయినా ఆకు నలిపితే వాసనైనా వస్తుంది.

టెంక మొలిచేదాకా వాడు ఊరుకోడు కాబట్టి రేపే నాలుగు బొబ్బర్లు నానబెట్టి వాడి పేరుతో ఒక కుండీ పెట్టండి. మూడు నాలుగు రోజుల్లో మొలక కనిపిస్తుంది. కాయలు వచ్చాక లేతగా ఉన్నప్పుడే వాడి చేతే కోయించండి. ముదరనిస్తే మొక్క కొత్త పూత తగ్గించేస్తుంది. మీ అల్లం కళ్ళు లేచాక ఫోటో పెట్టండి, ఏ ముక్క ఎక్కడ కోయాలో గుర్తు పెట్టి చూపిస్తాను.